మసిలే నీళ్లు, ఊగే గొట్టం



ఈసారి పోస్టు మరిగే నీళ్ల గురించి. నీళ్లు మరగడం గురించి ఇంత పెద్ద పోస్టా అనుకోకండి. మెకానికల్, కెమికల్ బ్రాంచిల్లో చదివే మన పిల్లలు మూడో సంవత్సరంలో హీట్ ట్రాన్స్‌ఫర్ సబ్జెక్టు దగ్గర ఆగిపోవడం మేము చూస్తూనే ఉన్నాం. వేడి గోడను ఆనుకుని పారే నీళ్లు మరిగితే ఏమవుతుంది, అప్పుడు ప్రెషర్ పైకీ కిందికీ ఎందుకు ఊగుతుంది అనే పాఠం వచ్చేసరికి పుస్తకం మూసేస్తున్నారు. మా రూంలో నలుగురం ఉంటాం. నలుగురి ఇళ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మొదటి మిడ్ మార్కులు వచ్చిన రోజు మాలో ఒకడు పెట్టె సర్దుకున్నాడు. "ఇది మనతోని అయ్యే చదువు కాదురా, ఊరికి పోయి పోడు చేసుకుంటా" అన్నాడు. వాడిని ఆపడానికి మాకు తోచిన దారి ఒక్కటే. ఆ పాఠాన్ని మన మాటల్లోకి తెచ్చుకోవాలి. నెల రోజులు పట్టింది. ఆ నెలలో అర్థమైంది ఇక్కడ రాస్తున్నాం. ఇంకో హాస్టల్లో ఇంకొకరు పెట్టె సర్దుకుంటుంటే వాళ్లకు ఇది చదివి వినిపించండి.

ముందు ఇంట్లో ఉన్న మాటలతోనే మొదలుపెడదాం. మన అమ్మలు నీళ్లు వేడెక్కడానికి ఒకటే మాట వాడరు. స్నానానికి నీళ్లు కాగుతాయి. అన్నానికి పెట్టిన ఎసరు మసులుతుంది. ఇంకా మంట ఎగదోస్తే తెర్లుతుంది. పుస్తకం చెప్పే దశలు కూడా దాదాపు ఇవే. బుడగ లేకుండా వేడెక్కడం మొదటిది. నీళ్లు ఇంకా వంద డిగ్రీలకు రాకముందే గోడ దగ్గర బుడగలు పుట్టడం రెండోది, దాన్ని సబ్‌కూల్డ్ బాయిలింగ్ అంటారు. నీళ్లన్నీ మరిగే వేడికి వచ్చి గిన్నె నిండా కదలడం మూడోది, అది శాచురేటెడ్ బాయిలింగ్. పేర్లు కొత్తవి, సంగతి పాతదే.

ఎసరు పెట్టిన గిన్నె దగ్గర కాసేపు నిలబడి వినండి. మొదట చప్పుడు ఉండదు. తర్వాత సన్నగా సుయ్‌మని కూత మొదలవుతుంది. అది పెరిగి పెరిగి ఒక్కసారి మెత్తబడి, గలగల శబ్దంగా మారుతుంది. అమ్మ అటు తిరిగి కూర తరుగుతూనే ఆ మార్పు విని బియ్యం పోస్తుంది. ఆ కూత ఎక్కడిది? గిన్నె అడుగు కంటికి నున్నగా కనిపించినా దానిలో సన్నని గీతలు, గుంటలు ఉంటాయి. వాటిలో చిక్కుకున్న గాలి, ఆవిరి దగ్గర బుడగ పుడుతుంది. బుడగ కొంచెం పైకి లేవగానే చల్లటి నీళ్లు తగులుతాయి. లోపలి ఆవిరి మళ్లీ నీళ్లయిపోయి బుడగ చటుక్కున కూలిపోతుంది. కూలినప్పుడల్లా ఒక చిన్న టిక్కు. అలాంటి వేల టిక్కులు కలిస్తే కూత. నీళ్లన్నీ వేడెక్కాక బుడగలు దారిలో కూలకుండా పైదాకా వచ్చి పగులుతాయి, అందుకే శబ్దం మారిపోతుంది.

ఇక్కడే పాఠం సగం ఉంది. మరగడం నీళ్ల మధ్యలో మొదలవదు, వేడి గోడ దగ్గర మొదలవుతుంది. బుడగ పెరిగేటప్పుడు పక్కనున్న నీళ్లను నెడుతుంది, కూలేటప్పుడు లాగుతుంది. ఆ నెట్టుడూ లాగుడే ప్రెషర్ ఊగడం. గిన్నె పైన తెరిచి ఉంటుంది కాబట్టి మనకు చప్పుడు మాత్రమే వినిపిస్తుంది. అదే నీళ్లు గొట్టంలో బంధించి ఉంటే ఆ ఊపు గొట్టం మొత్తానికి పాకుతుంది.

అంబలి కాచినవాళ్లకు ఇంకో సంగతి తెలుసు. అంబలి చిక్కగా ఉంటుంది కాబట్టి అడుగున పుట్టిన ఆవిరి తొందరగా పైకి రాలేదు. కింద పోగుపడి పోగుపడి ఒక్కసారి బుస్సుమని లేచి చేతి మీద చిమ్ముతుంది. కలుపుతూ ఉంటే చిమ్మదు. కలపడం అంటే గోడ దగ్గర వేడెక్కినదాన్ని అక్కడే ఉండనీయకుండా కదిలించడం. కరెంటు ప్లాంటులో పంపులు చేసే పని కూడా ఇదే.

ఇప్పుడు కొన్ని లెక్కలు. ఒక కిలో నీళ్లను 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీల దాకా వేడి చేయడానికి సుమారు 293 కిలోజౌళ్లు చాలు. అదే కిలో నీళ్లను 100 డిగ్రీల దగ్గరే ఉంచి పూర్తిగా ఆవిరి చేయడానికి 2257 కిలోజౌళ్లు కావాలి. ఏడున్నర రెట్లకు పైనే. అంటే మరిగే నీళ్లు తాము ఇంకా వేడెక్కకుండానే బోలెడు వేడి మోసుకుపోతాయి. ఎక్కడ గోడను చల్లగా ఉంచాలన్నా, వేడిని ఒకచోటు నుంచి ఇంకోచోటికి తేవాలన్నా ఇంజినీర్లు మరిగే నీళ్ల దగ్గరికి పోయేది ఇందుకే.

రెండో లెక్క. మామూలు గాలి ఒత్తిడి దగ్గర నీళ్లు ఆవిరైతే దాదాపు 1600 రెట్లు ఎక్కువ చోటు పడుతుంది. ఒక చెంచా నీళ్లు, అంటే 5 మిల్లీలీటర్లు, ఆవిరైతే 8 లీటర్లు. ఒక చిన్న బకెట్ నిండిపోతుంది.

మూడోది, ప్రెషర్‌కూ మరగడానికీ ఉన్న పొత్తు. అరకు లోయ సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంటుంది. పైన గాలి బరువు తక్కువ కాబట్టి అక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ప్రెషర్ కుక్కర్‌లో ఒత్తిడి ఎక్కువ కాబట్టి 120 డిగ్రీల దాకా పోవాలి. ప్రెషర్ పెరిగితే మరగడం అణుగుతుంది, ప్రెషర్ తగ్గితే వేడిగా ఉన్న నీళ్లు అప్పటికప్పుడు ఆవిరవుతాయి. ఆవిరి పుడితే ప్రెషర్ మారుతుంది, ప్రెషర్ మారితే ఆవిరి మారుతుంది. ఈ రెండూ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని ఆడతాయని గుర్తుంచుకుంటే చాలు, మిగతాది వెనకే వస్తుంది.

మరిగే నీళ్లు ఎంత వేడినైనా మోస్తాయా అంటే మోయవు. దానికి ఒక హద్దు ఉంది. అట్ల పెనం బాగా కాలాక నీళ్లు చిలకరిస్తే చుక్క వెంటనే ఆరిపోదు, ముత్యంలా దొర్లుతుంది. చుక్కకూ పెనానికీ మధ్య ఆవిరి పొర ఏర్పడి చుక్కను పైకి ఎత్తి పట్టుకుంటుంది. ఆవిరి వేడిని సరిగా మోయదు, అందుకే చుక్క చాలాసేపు బతుకుతుంది. జర్మనీకి చెందిన లైడెన్‌ఫ్రాస్ట్ అనే వైద్యుడు 1756లో దీని గురించి పుస్తకం రాశాడు. చుక్క అయితే బాగానే ఉంది. గోడ సంగతి ఆలోచించండి. తన వేడిని తీసుకుపోయే నీళ్లు తనకు తగలడం మానేశాయి. గోడ ఇంకా ఇంకా వేడెక్కుతుంది.

1934లో జపాన్‌లో షిరో నుకియామా అనే ప్రొఫెసర్ దీన్ని కొలిచాడు. వంద డిగ్రీల నీళ్లలో ఒక సన్నటి తీగ ముంచి, దానిలో కరెంటు కొంచెం కొంచెం పెంచుకుంటూ పోయాడు. తీగే హీటరు, తీగే థర్మామీటరు. వేడి ఒక హద్దు దాటగానే తీగ చుట్టూ ఆవిరి కమ్ముకుంది. నైక్రోమ్ తీగ ఒక్కసారిగా ఎర్రబడి కరిగి తెగిపోయింది. ప్లాటినం అయితే 1768 డిగ్రీల దాకా కరగదు కాబట్టి దానితో ఆ హద్దు అవతల ఏముందో కూడా చూడగలిగాడు. మామూలు ఒత్తిడిలో నీళ్లకు ఆ హద్దు చదరపు మీటరుకు సుమారు 10 లక్షల వాట్లు. పుస్తకంలో గీసి ఉండే బాయిలింగ్ కర్వ్ ఆయన ప్రయోగంలోంచి వచ్చిందే. బకెట్లో పెట్టే హీటర్ రాడ్డును నీళ్లలోంచి తీశాక స్విచ్ వేస్తే కాసేపట్లో కాలిపోతుంది కదా, అక్కడ జరిగేదీ ఇలాంటిదే. వేడి పుడుతూనే ఉంది, మోసుకుపోయేవాళ్లు లేరు.

ఇక్కడ మా రూంలో ఒక విషయం అందరికీ నచ్చింది. నుకియామా ఆ పేపరు జపనీస్‌లో రాశాడు. దాని ఇంగ్లీషు అనువాదం 1966లో గానీ అచ్చవలేదు, అంటే 32 ఏళ్ల తర్వాత. లైడెన్‌ఫ్రాస్ట్ రాసింది లాటిన్‌లో. కింద లెడినెగ్ అనే ఆయన పేరు వస్తుంది, ఆయన రాసింది జర్మన్‌లో. ఈ చాప్టర్‌కు పునాది వేసిన ముగ్గురూ ఇంగ్లీషులో రాయలేదు. ఇంగ్లీషు సరిగా రాదు కాబట్టి ఈ సబ్జెక్టు మనది కాదు అనే మాట ఆ రోజు నుంచి మా రూంలో ఎవరూ అనలేదు. పరీక్ష ఇంగ్లీషులో రాయాల్సిందే, అది వేరే సంగతి. అర్థం చేసుకోవడానికి మాత్రం ఏ భాషైనా చాలు. కోయలో అయినా సరే, లంబాడీలో అయినా సరే, గోండిలో అయినా సరే.

ఇప్పుడు నీళ్లను గొట్టంలో పారిద్దాం. దీనికి మాకు సాయం చేసింది ఒక ఆట వస్తువు. జాతర అంగళ్లలో చిన్న రేకు పడవ అమ్ముతారు. లోపల ఒత్తి వెలిగిస్తే నీళ్ల టబ్బులో టకటకమంటూ పోతుంది. మాలో ఒకరు తమ్ముడి కోసం కొన్నది రూంకు తెచ్చారు. దానిలో తిరిగే చక్రం ఏదీ లేదు, మోటారు లేదు. ఒక చిన్న రేకు డబ్బీ, దాని నుంచి వెనక్కి వచ్చి నీళ్లలో మునిగి ఉండే రెండు సన్నటి గొట్టాలు, అంతే. బ్రిటన్‌లో 1891లోనే దీనికి థామస్ పియో అనే ఆయన పేటెంట్ తీసుకున్నాడు.

అది ఎలా పోతుందంటే, ఒత్తి వేడికి డబ్బీలోని కొంచెం నీళ్లు ఆవిరవుతాయి. ఆవిరి గొట్టాల్లోని నీళ్లను వెనక్కి నెడుతుంది. ఒకసారి కదిలిన నీళ్లు తమ ఊపుతో అవసరమైనదానికంటే కొంచెం ఎక్కువే బయటికి పోతాయి. అప్పుడు ఆవిరి గొట్టంలోని చల్లటి భాగం దాకా సాగి, అక్కడ మళ్లీ నీళ్లయిపోతుంది. లోపల ప్రెషర్ పడిపోతుంది. బయటి నీళ్లు గొట్టంలోకి దూసుకొస్తాయి. అవి కూడా ఊపుతో ఎక్కువే వచ్చి వేడి రేకుకు తగులుతాయి. మళ్లీ ఆవిరి. సెకనుకు చాలాసార్లు ఇదే తంతు. డబ్బీ మీది పల్చటి రేకు లోపలికీ బయటికీ వంగుతూ టకటకమంటుంది. నీళ్లు బయటికి పోయేటప్పుడు ఒకే దిక్కుకు ధారగా పోతాయి, లోపలికి వచ్చేటప్పుడు అన్ని వైపుల నుంచీ వస్తాయి. అందుకే పడవ వెనక్కీ ముందుకీ ఊగుతూ ఉండిపోకుండా ముందుకు పోతుంది.

ఒత్తి మంట ఊగడం లేదు. వేడి ఒకే తీరుగా అందుతోంది. అయినా నీళ్లు ఊగుతున్నాయి. మా నలుగురికీ చిక్కుముడి ఇక్కడే ఉండింది. ఇచ్చేది నిలకడగా ఉంటే వచ్చేది కూడా నిలకడగా ఉండాలి కదా అనుకునేవాళ్లం. అట్లా ఉండదు. మధ్యలో ఆలస్యం ఉంటే నిలకడగా ఇచ్చినా ఊగుతుంది.

ఆలస్యం అంటే ఏంటో హాస్టల్లో ఉన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. డాబా మీద సోలార్ ట్యాంకు, కింద బాత్రూంలో నల్లా. మధ్యలో పొడుగాటి పైపు. వేడినీళ్ల నల్లా తిప్పుతాం, చల్లగా వస్తుంది. ఇంకా తిప్పుతాం. ఇంకా చల్లగానే ఉంటుంది. పూర్తిగా తిప్పుతాం. అప్పుడు పైపులో ఉన్న చల్లనీళ్లు అయిపోయి ఒక్కసారి సలసలా వచ్చి పడతాయి. కంగారుగా కట్టేస్తాం. మళ్లీ చల్లన. తప్పు నీళ్లది కాదు, మన చెయ్యిది కాదు. చేసిన పనికి ఫలితం వచ్చేలోపల దారి ఉంది. ఆ దారి పొడుగే ఊపు.

మరిగే గొట్టంలో కూడా ఇంతే. ఒక వైపు నుంచి నీళ్లు వస్తున్నాయి, గోడ వేడిగా ఉంది, రెండో వైపు నీళ్లూ ఆవిరీ కలిసి బయటికి పోతున్నాయి. ఏదో కారణంగా లోపలికి వచ్చే నీళ్లు కొంచెం తగ్గాయి అనుకుందాం. తక్కువ నీళ్లకు అదే వేడి కాబట్టి ఎక్కువ ఆవిరి పుడుతుంది. ఆ ఆవిరి ఎక్కువున్న ముద్ద గొట్టం వెంట పైకి కదులుతూ పోతుంది. చివరికి చేరేసరికి అక్కడ అడ్డు మారుతుంది, ఎందుకంటే ఆవిరి ఎక్కువ చోటు కావాలని చాలా వేగంగా పరుగెత్తుతుంది, వేగం ఎక్కువైతే రాపిడి ఎక్కువ. మొత్తం గొట్టానికి ఉన్న ప్రెషర్ ఒకటే కాబట్టి అక్కడి మార్పుకు ఇక్కడ, లోపలికి వచ్చే నీళ్లు మారాలి. కానీ ఈ కబురు చేరేసరికి ముద్ద ప్రయాణం చేసినంత సేపు గడిచిపోయింది. వచ్చిన సవరణ పాత తప్పుకు, ఇప్పటి పరిస్థితికి కాదు. కాబట్టి సవరణే కొత్త తప్పవుతుంది. దీన్ని డెన్సిటీ వేవ్ ఆసిలేషన్ అంటారు. ఒక ఊపుకు పట్టే కాలం, ముద్ద గొట్టం దాటడానికి పట్టే కాలానికి ఒకటి, రెండు రెట్లు ఉంటుంది. పరీక్షలో ఈ ఒక్క వాక్యం రాస్తే విషయం అర్థమైనట్టే.

రెండో రకం ఇంకా విచిత్రం. మామూలు గొట్టంలో నీళ్లు ఎక్కువ పారించాలంటే ఎక్కువ ప్రెషర్ కావాలి. మరిగే గొట్టంలో కొంత మేర దీనికి తలకిందులుగా ఉంటుంది. నీళ్లు తగ్గితే ఆవిరి పెరుగుతుంది, ఆవిరి పెరిగితే అడ్డు పెరుగుతుంది, అడ్డు పెరిగితే నీళ్లు ఇంకా తగ్గుతాయి. 1938లో లెడినెగ్ చెప్పింది ఇదే. బాయిలర్లో ఒకటే గొట్టం ఉండదు, పక్కపక్కనే వందల గొట్టాలు ఉంటాయి. అన్నిటికీ నీళ్లు ఒకే చోటి నుంచి వస్తాయి. ఒక గొట్టానికి నీళ్లు కొంచెం తగ్గితే, దానికే ఇంకా తగ్గుతాయి. అది వదిలేసిన నీళ్లు పక్క గొట్టాలు తీసుకుంటాయి. మొత్తం లెక్క చూస్తే సరిగ్గానే ఉంటుంది, పైన మీటర్లో తేడా కనపడదు. ఆ ఒక్క గొట్టం మాత్రం లోపల ఎండిపోయి, గోడ ఎర్రబడి పగులుతుంది. గొట్టానికి ముందు గాలి ఉన్న ట్యాంకు లాంటిది ఉంటే అది స్ప్రింగులా పనిచేసి నీళ్లను ఒకసారి దాచుకుంటూ ఒకసారి వదులుతూ ఉంటుంది. అప్పుడు ఇదే విషయం పెద్ద పెద్ద ఊపులుగా మారుతుంది. దాన్ని ప్రెషర్ డ్రాప్ ఆసిలేషన్ అంటారు.

ఈ పాఠం చెప్పుకున్న రాత్రి పెట్టె సర్దుకున్నవాడే ముందు మాట్లాడాడు. "క్లాసు పాస్ పర్సెంటేజీ బాగానే ఉందంటరు. ఎండిపోయిన గొట్టం సంగతి ఎవరికి తెలుస్తది" అన్నాడు. మేము ఏమీ అనలేదు. మూడు రోజుల తర్వాత ఈ బొమ్మ బోర్డు మీద గీసి మా ముగ్గురికీ వాడే చెప్పాడు. రెండో మిడ్ రాశాడు. ఇప్పుడు మాతోనే ఉన్నాడు.

మరి దీనికి మందు ఏంటి? ఇంజినీర్లు ప్రతి గొట్టం మొదట్లో సన్నటి చిల్లు ఉన్న బిళ్ల పెడతారు. అది ఆరిఫిస్. అడ్డు పెడితే ఊపు తగ్గడం ఏంటని మాకు మొదట నవ్వొచ్చింది. కానీ ఆలోచిస్తే సరిగ్గా ఉంది. మొదట్లో ఉన్నవి నీళ్లు మాత్రమే. అక్కడి అడ్డు నీళ్లు ఎంత పారుతున్నాయో దానికి తగ్గట్టు అప్పటికప్పుడే స్పందిస్తుంది, ఆలస్యం ఉండదు. నీళ్లు ఎక్కువ దూసుకొస్తే వెంటనే ఆపుతుంది, తగ్గితే వెంటనే వదులుతుంది. అదే అడ్డు చివర్లో పెడితే అక్కడికి ఆవిరి ఆలస్యంగా చేరుతుంది కాబట్టి ఊపు ఇంకా పెరుగుతుంది. మా రూంలో దీన్ని ఇట్లా గుర్తుపెట్టుకున్నాం: వచ్చే దగ్గర పట్టు, పోయే దగ్గర విడుపు. దీనితో పాటు గొట్టంలో మొత్తం ప్రెషర్ పెంచడం, పారే నీళ్లు పెంచడం కూడా సాయం చేస్తాయి. ప్రెషర్ ఎక్కువుంటే ఆవిరి అంతగా ఉబ్బదు, నీళ్లకూ ఆవిరికీ బరువులో తేడా తగ్గుతుంది.

ఇదంతా పుస్తకాల్లో లెక్క మాత్రమే కాదు. 1988 మార్చి 9న అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో లాసాల్ అణు విద్యుత్ కేంద్రం రెండో యూనిట్‌లో ఇదే జరిగింది. అది నీళ్లు రియాక్టర్ లోపలే మరిగే రకం. మన తారాపూర్‌లో 1969లో మొదలైన రెండు రియాక్టర్లు కూడా ఆ జాతివే. ఆ రోజు లాసాల్‌లో నీళ్లను తిప్పే రెండు పంపులూ ఆగిపోయాయి. నీళ్ల పారుదల తగ్గింది, వేడి ఇంకా ఎక్కువే ఉంది. ఇలాంటి రియాక్టర్లో నీళ్లకు ఇంకో పని కూడా ఉంటుంది. న్యూట్రాన్ల వేగం తగ్గించి చర్య సాగేలా చేసేది నీళ్లే. బుడగలు పెరిగితే పవర్ తగ్గుతుంది, బుడగలు తగ్గితే పవర్ పెరుగుతుంది. కానీ ఇంధనంలో పుట్టిన వేడి నీళ్లకు చేరడానికి సమయం పడుతుంది, బుడగలు పైకి కదలడానికి సమయం పడుతుంది. మళ్లీ అదే ఆలస్యం. రెండు మూడు సెకన్లకోసారి పవర్ పైకీ కిందికీ ఊగడం మొదలైంది. ఊపు పెరుగుతూ పోయి 118 శాతం హద్దు తాకగానే రియాక్టర్ తనంతట తానే ఆగిపోయింది. ఆ తర్వాత ఇలాంటి రియాక్టర్లు పవర్ ఎక్కువ, పారుదల తక్కువ ఉన్న స్థితిలో ఉండకూడదని నియమాలు గట్టిగా పెట్టారు.

దూరం పోనక్కర్లేదు, మన దగ్గరికే వద్దాం. మణుగూరు దగ్గర భద్రాద్రి థర్మల్‌లో 270 మెగావాట్ల యూనిట్లు నాలుగు ఉన్నాయి. అలాంటి బాయిలర్లలో పైన ఒక పెద్ద డ్రమ్ము ఉంటుంది. దాని నుంచి నీళ్లు లావుపాటి గొట్టాల్లో కిందికి దిగుతాయి, కొలిమి చుట్టూ గోడలా నిలబెట్టిన సన్నటి గొట్టాల్లో మరుగుతూ పైకి ఎక్కుతాయి. కిందికి దిగేవి బరువు, పైకి ఎక్కేవి తేలిక. ఆ తేడాతోనే నీళ్లు తిరుగుతాయి. పెద్ద ఒత్తిడిలో పనిచేసే గొట్టాల లోపల చాలాచోట్ల మెలిపెట్టిన గాళ్లు చెక్కి ఉంటాయి. అవి నీళ్లను సుడి తిప్పి గోడకు విసురుతాయి, గోడ తడిగా ఉండేలా చూస్తాయి. గోడ తడిగా ఉన్నంతసేపు ఇనుము బతుకుతుంది.

డ్రమ్ము గురించి మాకు బాగా చెప్పింది మాలో ఒకరి మామ. కాలేజీ చదువు లేదు, ఒక ప్లాంటులో బాయిలర్ సెక్షన్‌లో హెల్పర్. "గేజీలో నీళ్లు లేచినయ్ గదా అని తొందరపడి నీళ్లు కట్టెయ్యొద్దు అల్లుడూ. ముందు ఆవిరి ఎంత పోతుందో చూడు" అన్నాడు. పుస్తకం తీసి చూస్తే ఆ మాటే ష్రింక్ అండ్ స్వెల్ అనే పేరుతో ఉంది. ఒక్కసారిగా ఎక్కువ ఆవిరి లాగితే డ్రమ్ములో ప్రెషర్ తగ్గుతుంది. ప్రెషర్ తగ్గితే బుడగలు ఉబ్బుతాయి, కొత్త బుడగలు పుడతాయి. మట్టం పెరిగినట్టు కనిపిస్తుంది. నిజానికి నీళ్లు తగ్గుతున్నాయి. ఆ మట్టం ఒక్కటే చూసి నీళ్లు కట్టేస్తే గొట్టాలు ఎండుతాయి. అందుకే పెద్ద బాయిలర్లలో మట్టం, పోయే ఆవిరి, వచ్చే నీళ్లు మూడూ చూసి వాల్వు కదిలిస్తారు. దాన్ని త్రీ ఎలిమెంట్ కంట్రోల్ అంటారు.

పాల్వంచ దగ్గర కొత్తగూడెం థర్మల్‌లో 2018 డిసెంబరులో మొదలైన 800 మెగావాట్ల యూనిట్ ఇంకో రకం. నీళ్లను సుమారు 221 బార్ ఒత్తిడి, 374 డిగ్రీల వేడి దాటిస్తే నీళ్లకూ ఆవిరికీ మధ్య తేడానే ఉండదు. బుడగ అనేదే పుట్టదు. ఆ ఒత్తిడి పైన నడిచేదాన్ని సూపర్‌క్రిటికల్ అంటారు. మరి ఊపు పూర్తిగా పోయినట్టేనా? మొదలుపెట్టేటప్పుడు, లోడ్ తక్కువ ఉన్నప్పుడు ఒత్తిడి ఆ హద్దు కింద ఉంటుంది, అప్పుడు మళ్లీ ఈ పాఠమే. ఇంటర్వ్యూలో సూపర్‌క్రిటికల్ గురించి అడిగితే ఈ రెండో వాక్యం కూడా చెప్పండి.

ఇక తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నాలుగు మాటలు. ఈ చాప్టర్‌ను సూత్రాలతో మొదలుపెట్టొద్దు. ముందు గొట్టం బొమ్మ గీయండి, వేడి ఎటు నుంచి వస్తుందో, నీళ్లు ఎటు పోతున్నాయో బాణాలు పెట్టండి, నీళ్లు కొంచెం తగ్గితే ఏమవుతుందో మీ ఇంటి భాషలో పక్కవాళ్లకు చెప్పండి. చెప్పగలిగాక ఇంగ్లీషు మాటలు ఒక్కొక్కటి అతికించండి. బాయిలింగ్ కర్వ్ మీద ఎక్కడ ఎసరు కూత పెడుతుందో, ఎక్కడ గలగలమంటుందో, ఎక్కడ తీగ తెగుతుందో గుర్తులు పెట్టుకోండి.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. రాడ్డుతో నీళ్లు కాగబెట్టేవాళ్లు స్విచ్ తీసి, ప్లగ్ పీకాకే నీళ్లలో చెయ్యి పెట్టండి. రాడ్డు మీద తెల్లటి ఉప్పు పేరుకుంటే వేడి నీళ్లకు పోక లోపలే ఉండి రాడ్డు పాడవుతుంది, గీకి తీయండి. కుక్కర్ మూత ప్రెషర్ పూర్తిగా దిగకుండా తెరవొద్దు. లోపలి నీళ్లు 120 డిగ్రీల దగ్గర ఉంటాయి, ప్రెషర్ పోగానే అప్పటికప్పుడు ఆవిరై ముఖం మీదికి వస్తాయి. చెంచా నీళ్లు ఎనిమిది లీటర్లవుతాయని పైన రాసింది మరవొద్దు.

మా నలుగురం ఆదివారం సాయంత్రాలు హీట్ ట్రాన్స్‌ఫర్ కోసం కూర్చుంటున్నాం. అర్థం కాని చోటు కామెంట్లో తెలుగులో రాయండి, మీ భాషలో వాయిస్ పెట్టినా సరే. ప్లాంటులో, రైసుమిల్లులో, ఎక్కడైనా బాయిలర్ దగ్గర పనిచేసే మన వాళ్లు ఈ గ్రూపులో ఉంటే, గేజీ చూసి మీరు ఏం కనిపెడతారో రాయండి. పుస్తకంలో లేని సగం మీ దగ్గర ఉంది. వచ్చే పోస్టులో కండెన్సేషన్, అంటే ఆవిరి మళ్లీ నీళ్లవడం గురించి రాస్తాం.

జై ఆదివాసీ.